చిన్నమ్మతో మోటార్‌సైకిళ్ళ పందెం చూడబోయినప్పుడు

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. నాకు బడిలో ఉద్యోగం కొత్త. అప్పట్లో నాకు ఇద్దరే స్నేహితురాళ్ళు. ఒకామె మా చర్చికే వచ్చే అక్క, నాకన్నా ఆరేళ్ళు పెద్దది. ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యం ఆడవాళ్ళ విభాగంలో చేరి లారీ నడపడం నేర్చుకుంది. యుద్ధం ముగిశాక ఒక ఆఫీసులో టైపు మిషను ముందు కుదురుకుంది కానీ, సెలవు దొరికితే వాళ్ళన్న మోటారు షెడ్డులోనే ఉండేది. రెండో ఆమె నాతోపాటు బడిలో లెక్కలు చెప్పేది. రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణం వాళ్ళమ్మాయి.

తూప్రాన్ అవతల మట్టిగుట్టల మీద కంటోన్మెంటు సిపాయిలు మోటార్‌సైకిళ్ళ పందెం పెట్టుకుంటున్నారని అక్కే కబురు తెచ్చింది. ముందురోజే వెళ్ళి అక్కడే గుడారం వేసుకుందామంది. వాళ్ళన్న దగ్గర యుద్ధమయ్యాక సైన్యం మిగులు సరుకు అమ్మేసినప్పుడు కొన్న పాత వ్యాను ఒకటి ఉంది. మా అమ్మ అరగంట ప్రార్థన చేసుకుని సరేనంది. రాంగోపాల్‌పేట్ ఇంట్లో మాత్రం పెద్ద గొడవైంది. చివరికి స్నేహితురాలి చిన్నమ్మ, ఇరవయ్యేళ్ళకే భర్త పోయి ఆ ఇంట్లోనే ఉంటున్న మనిషి, వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఆడిపిల్లలు ఒక్కలే అడివిల పండుకుంటరా? నేను సుత వస్త. నేను లేకుంట ఎవ్వరు పోవుడు లేదు," అంది.

మాకు ప్రాణం ఉసూరుమంది. చిన్నమ్మ ఉంటే గట్టిగా నవ్వడానికి కూడా ఉండదనుకున్నాం. రజాకార్ల రోజుల నుంచి ఆమె వీధి చివరిదాకా కూడా వెళ్ళలేదు. శనివారం పొద్దున్నే ఒక మూట జొన్నరొట్టెలు, ఉల్లికారం, మంచినీళ్ళ కూజా పట్టుకుని వ్యాను వెనక సీట్లో బిగుసుకుని కూర్చుంది. బోయిన్‌పల్లి దాటేదాకా కళ్ళు తెరవలేదు.

"జెర నిమ్మళంగ నడుపు బిడ్డా," అని మాత్రం మైలుకోసారి అంటుండేది.

మేడ్చల్ దాటాక ఇంజను కాగి పొగలు కక్కింది. అక్క వ్యానును రోడ్డు పక్క పల్లె ముందు ఆపింది. మేం దిగేలోపే వాకిట్లో ఆడుతున్న పిల్లల్ని ఎవరో లోపలికి లాక్కున్నారు. ఒకదాని తర్వాత ఒకటి తలుపులు పడ్డాయి. మాకు మొదట అర్థం కాలేదు. తర్వాత వ్యాను ఖాకీ రంగు చూసుకున్నాం, పోలీసుల, సిపాయిల బండ్ల రంగు. ఆ రంగు బండి ఆగితే ఏమవుతుందో ఆ పల్లెకు తెలుసు.

అక్క స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. చిన్నమ్మే దిగింది. మొదటి ఇంటి ముందు నిలబడి, "అమ్మా, ఆడోళ్ళమే ఉన్నం. బండికి నీళ్ళు గావాలె. గంతే," అని గట్టిగా చెప్పింది.

కాసేపటికి ఒక తలుపు ఓరగా తెరుచుకుంది. ఒక ముసలమ్మ మా నలుగురినీ పైనుంచి కిందిదాకా చూసి, అక్కను చూపించి, "బండి గీ పోరి నడుపుతదా?" అని అడిగింది. ఔనన్నాం. ఆమె పెద్దగా నవ్వింది. ఆ నవ్వు విని మిగతా తలుపులు కూడా తెరుచుకున్నాయి. నీళ్ళతోపాటు మజ్జిగ కూడా వచ్చింది. మేం కదిలేసరికి పిల్లలు వ్యాను వెనక పరుగెత్తుతున్నారు.

ఆ సాయంత్రం గుట్టల పక్క వ్యానుకూ వేపచెట్టుకూ మధ్య టార్పాలిన్ కట్టాం. మూడు రాళ్ళు పెట్టి చాయ్ కాచుకున్నాం. చిన్నమ్మ రొట్టెలు పంచి, మాకన్నా ముందే నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇంజన్ల మోతకు గుట్టలు దద్దరిల్లాయి. ఇరవైమంది దాకా సిపాయిలు మట్టిలో పడుతూ లేస్తూ దూసుకుపోతున్నారు. మా ముందే ఒక మలుపు, దాని కింద బురదగుంట. అందరికన్నా వెనకున్న సన్నటి కుర్రవాడు ప్రతి చుట్టులోనూ అక్కడే పడుతున్నాడు. మొదటిసారి పడ్డప్పుడు చిన్నమ్మ, "అయ్యో!" అని కళ్ళు మూసుకుంది. రెండోసారి లేచి నిలబడింది. మూడోసారి కొంగు నడుముకు చుట్టి, "లేవు బిడ్డా, లేవు! పరేషాన్ గాకు! ఎక్కు!" అని అరిచింది. చుట్టుపక్కల సిపాయిలు తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. మేమూ సిగ్గు విడిచి గొంతు కలిపాం.

ఆ కుర్రవాడు చివరివాడుగానే పందెం ముగించాడు. తర్వాత ఇంజను ఆగిపోయిన బండిని తోసుకుంటూ, కుంటుకుంటూ మా టార్పాలిన్ దగ్గరికొచ్చాడు.

"మాజీ, పానీ మిలేగా?" అని నీళ్ళడిగాడు.

"బైఠో బేటా, పహలే ఖావో," అని చిన్నమ్మ అతన్ని కూర్చోబెట్టి, ముందు తినమని అతని చేతిలో రొట్టె పెట్టింది. అతను తింటుండగా అక్క బండి ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించింది. అతను కిక్కు కొట్టబోయి, మడమ నొప్పికి మొహం ముడుచుకున్నాడు. అక్క ముందుకొచ్చింది.

"జరుగు," అంది చిన్నమ్మ. "నేను తంత."

"చిన్నమ్మా, దెబ్బ తగుల్తది!" అని నా స్నేహితురాలు ఆపబోయింది.

"బిందెలు మోసిన కాళ్ళే ఇవి. ఏం గాదు."

మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి కిక్కు ఎదురుతన్నింది. చిన్నమ్మ వెనక్కి తూలి, బండిని ఒక తిట్టు తిట్టి, ఊపిరి బిగబట్టి మూడోసారి తన్నింది. ఇంజను గుర్రుమని అందుకుంది. ఆమె వేసిన కేక ఇంజను మోతను మించిపోయింది. ఆ కుర్రవాడు రొట్టె చేత్తోనే ఆమెకు సెల్యూట్ చేశాడు. చిన్నమ్మ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని నవ్వింది. ఆమె పళ్ళు నేను చూడటం అదే మొదలు.

తిరుగుదారిలో ముందు సీటు ఆమెదే. మేం అడక్కుండానే బతుకమ్మ పాట ఎత్తుకుంది. అది అయిపోగానే అక్క, నేను చర్చిలో పాడే కీర్తన ఒకటి అందుకున్నాం. మళ్ళీ ఆమె వంతు. మాకు పదాలు రాని చోట చిన్నమ్మ, ఆమెకు రాని చోట మేము, ఎవరిది ఏ పాటో తెలియకుండా కలిపేశాం. బోయిన్‌పల్లి దగ్గర గడ్డిబండ్ల వరుస అడ్డమొచ్చి వ్యాను ఆగింది. పాట మాత్రం ఆగలేదు. బండ్ల మీదున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తుంటే, చిన్నమ్మ తల కిటికీలోంచి బయటపెట్టి, "చూస్తరేంది, మీరు సుత అందుకోర్రి!" అంది.