నా చెయ్యి మీద అక్క చెయ్యి

నా చిన్నప్పుడు కడుపునొప్పి కంటే, కడుపు మీద చెయ్యి వేసి చూసేవాళ్లంటేనే నాకు ఎక్కువ భయం. పోర్టులో పనిచేసేవాళ్ల ఇళ్ల వరసలో మాకు రెండిళ్ల అవతల ఉండే మావయ్యకు పెద్దాసుపత్రిలో కడుపు కోశారు. ఆయన తిరిగి రాలేదు. డాక్టరు నొక్కినప్పుడు నొప్పి దొరికితే కోసేస్తాడని పిల్లలం గట్టిగా నమ్మేవాళ్లం. అందుకే ఒకరోజు పొద్దున బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి మధ్యాహ్నానికి కుడివైపు కిందికి దిగినా, అన్నం వద్దన్నానే తప్ప అమ్మకు ఇంకేమీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే, నర్సు చదువు చదువుతున్న పక్కింటి అక్క పిల్లలందరినీ పిలిచింది. మర్నాడు ఆమెకు పరీక్ష. రోగి కడుపు ఎలా చూడాలో చేసి చూపించాలట. వరండాలో చాప మీద ఒక్కొక్కరినీ పడుకోబెట్టి, మోకాళ్లు మడవమని, ముందు కళ్లతో చూసేది, తర్వాత స్టెతస్కోపు పెట్టి వినేది, ఆఖరున చేత్తో నొక్కేది. ముందే నొక్కితే లోపలి చప్పుడు మారిపోతుందని చెప్పింది. "నీ కడుపులో కప్పలున్నాయేట్రా" అని ఒకడిని అడిగితే అందరూ పడీపడీ నవ్వారు. నేను మెల్లగా జారుకోబోతుంటే ఎవరో లాక్కొచ్చి చాప మీద కూలేశారు.

అక్క చూసింది, వింది. నా దగ్గర కప్పల మాట ఎత్తలేదు. చెయ్యి వెయ్యబోతే నేను గౌను రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. ఆమె మిగతా పిల్లలను పంపేసి, నా చెయ్యే నా కడుపు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి ఉంచింది.

"నువ్వే నొక్కమ్మీ. నాను నీ ఎనకాలే వత్తాను. నువ్వాపితే నానూ ఆపేత్తాను."

"నొప్పుంటే కోసేత్తారా?"

లేదని అబద్ధం చెప్పలేదామె. "కొయ్యాల్సొత్తే కోత్తారు. దాసుకుంటే లోపలే పాడైపోద్ది. నీ పక్కన నానుంటాను."

ఎడమవైపు నుంచి బయలుదేరాం. ఆమె చూపు చేతుల మీద లేదు, నా ముఖం మీదే ఉంది. కుడివైపు కిందికి రాగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆమె చెయ్యీ ఆగింది. అప్పుడు కేకేసింది మా అమ్మను.

ఆసుపత్రిలో డాక్టరు నా మీదికి వంగితే అమ్మ చెంగు పట్టుకున్నాను. అయినా నా చెయ్యి ముందుగా కడుపు మీద పెట్టుకున్నాను. ఆయన అక్క వైపు ఒకసారి చూసి, నా చెయ్యి మీద తన చెయ్యి ఉంచాడు. ఆ రాత్రే నాకు అపెండిక్సు ఆపరేషను చేశారు. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి అక్క పక్కనే ఉంది. అక్కడి నుంచే పరీక్షకు వెళ్లింది.

బడి మానేశాక లైబ్రరీలో దొరికిన వైద్యం పుస్తకాలన్నీ చదివాను. బెదిరిపోయిన పిల్లల చెయ్యి మీదే చెయ్యి ఉంచి చూడాలని ఒకదాంట్లో కనిపించింది. పుస్తకం కంటే ముందే ఆ సంగతి నాకు తెలుసని ఇప్పటికీ గర్వపడతాను.

మొన్న మళ్లీ కడుపునొప్పితో ఆసుపత్రి మంచం ఎక్కాను. ఈ వయసులోనూ భయమే. నా కడుపు చూడటానికి వచ్చిన, నర్సు చదువు చదువుతున్న అమ్మాయి రెండుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. నా చెయ్యి కడుపు మీద పెట్టుకుని, దాని మీద నీ చెయ్యి ఉంచమ్మా అన్నాను. ఇద్దరం మెల్లగా బయలుదేరాం. నేను ఆగిన చోట ఆమె ఆగింది.