పాపమంటని ఇనుము

ఆదోనిలో పాత ఇనుము అంగడి నడిపిన మా మేనమామ, చేతికొచ్చిన ప్రతి ముక్కనూ వేలి కణుపుతో తట్టి, "ఇనుముకు పాపమంటుకోదప్పా" అనేవాడు.

ఒకసారి ఎమ్మిగనూరులో ఏదో పాత దొరల ఇంటి సామాను వేలంలో బరువైన ఇనుప కడియమొకటి పాడుకొచ్చాడు. అదెందుకు వాడేవారో ఎవరూ చెప్పలేకపోయారు. ఆయుధపూజనాడు తక్కెడతో పాటు దానికీ కుంకుమ పెట్టి బొరుగులు పంచుతుంటే, కోసిగి నుంచి వచ్చిన ముసలి హమాలీ దాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇది కాలికేసే సంకెలప్పా. దొరకాడ జీతమిడిసి పారిపోయినాడని మా తాతకు ఇట్లాంటిదే ఏసినారు. ఆ మచ్చ నేను సూసినా."

మామ కడియాన్ని తట్టి ఎప్పటి మాటే అన్నాడు. హమాలీ చేతిలోని బొరుగులు తిరిగి పళ్లెంలో పోసి వెళ్లిపోయాడు.

మామ ముఖం మాడ్చుకున్నాడు. "ప్రసాదం కాదన్నాడు సూడు. వానికి పాపం తగలకుండా పోతాదా."