దేవరాజు సారు తోటి రచయితలు

దేవరాజు సారుకు ఒక్కని పేరు మీద పేపరు రాసుడు తెల్వదు. పరిశోధనల ఎవరు జర సాయం చేసినా, వాళ్ల పేరు ఆయన పేరు పక్కన అచ్చు కావాల్సిందే. వాళ్లు ప్రొఫెసర్లయినా సరే, ఆటో నడిపేటోళ్లయినా సరే.

ఇది 2006 ముచ్చట. గద్వాల నుంచి ధరూర్ పోయే తొవ్వల మూతవడ్డ నూనె మిల్లును కిరాయికి తీసుకొని, ఒక విదేశీ యూనివర్సిటీ తన బ్రాంచి పెట్టింది. గోడలకు ఎన్నిసార్లు సున్నమేసినా పల్లినూనె వాసన పోలే. నేను అండ్ల టైపిస్టును, పేరు శివశంకర్. గేటు లోపలికి రాంగనే ఒక నల్లబల్ల ఉండె. ఆ బ్రాంచి నుంచి ఎంత పరిశోధన అచ్చయిందో దాని మీద సుద్దముక్కతో రాసేటోళ్లు, క్రికెట్ స్కోరు లెక్క. డైరెక్టర్ రామచంద్రయ్య గారిది హైదరాబాదు. ఎండకాలం గూడ కోటు విప్పడు. పొద్దుగాల రాంగనే ఆ బల్ల చూసి, మొఖం చిన్నగ చేసుకొని, "అవుట్‌పుట్ పెరగాలి!" అని అరిచేటోడు.

ఆ అరుపుకు భయపడి కామర్స్ సారు గద్వాల బస్టాండుల జనం నిలవడే తీరు మీద ఒక పేపరు, కూసునే తీరు మీద ఒకటి, బస్సు రాకపోతే తిట్టే తీరు మీద ఇంకొకటి రాసిండు.

దేవరాజు సారు మాత్రం గట్టు అనే ఊరి దిక్కు పల్లిచేన్లల్ల తిరుగుకుంట ఎర్ర గొంగళి పురుగు మీద పరిశోధన చేస్తుండె. మొదటి పేపరు టైపుకు తెచ్చిననాడు, పేర్ల కాడికొచ్చి నా చెయ్యి ఆగింది.

"సార్, ఈ సుభాన్ ఎవరు?"

"మన ఆటో సుభాన్."

"ఆటో నడిపినందుకు పేరా?"

"నడిపినందుకు కాదు. పురుగులు ఒక చేనుల నుంచి ఇంకో చేనులకు దండు లెక్క తొవ్వ దాటుతుంటె ఆటో ఆపి చూపెట్టిండు. నేను ఎనుక కూసోని కునుకు తీస్తున్న. చూసినోని పేరు తీసేసి, పండుకున్నోని పేరు పెట్టుకుందునా?"

"రుక్కమ్మ?"

"గట్టుల ఆమె చేనే మన ప్రయోగశాల. తొలివాన పడ్డ మూడో పొద్దుకు రెక్కల పురుగులు లేస్తయని చెప్పింది ఆమెనే. నేను పుస్తకాలల్ల ఎతికి ఎతికి పరేషాన్ అయితి."

"మరి ఈ నర్సింహులు?"

"రుక్కమ్మ పక్క చేను రైతు. నేను పురుగు మీద కాలు పెట్టబోతుంటె నా రెక్క పట్టి గుంజిండు."

"అది పరిశోధనా సార్?"

"పురుగు బతికింది గద!"

మొత్తం తొమ్మిది పేర్లు. డైరెక్టర్ గారు చూసి అగ్గి మీద గుగ్గిలమైతడనుకుంటి. గని ఆయన మొఖం వెలిగిపోయింది. ఎందుకంటె హెడ్డాఫీసు కంప్యూటర్ పేపర్లను లెక్కవెట్టదట, పేర్లను లెక్కవెడ్తదట. బల్ల మీద మూడున్నది ఒక్కదెబ్బకు పన్నెండైంది.

"దేవరాజు గారూ, ఇంకెవరైనా సాయం చేశారేమో, బాగా గుర్తు తెచ్చుకోండి!"

"లేరు సార్. పని చెయ్యనోళ్ల పేరు నేను పెట్ట."

"పోనీ, గట్టు జనాభా ఎంత?"

మూడేండ్లల్ల బల్ల మీద అంకె నూటనలభై రెండుకు ఎక్కింది. అన్ని దేశాల బ్రాంచీలల్ల మాదే ఫస్టు. అప్పుడు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పద్నాలుగు పేపర్లతో బ్రాంచీలన్నిట్ల ముందున్న మహా పరిశోధకురాలు డాక్టర్ రుక్కమ్మ గారిని సన్మానం చేసేతందుకు హెడ్డాఫీసు పెద్ద మార్గరెట్ మేడం స్వయంగ వస్తుందట.

డైరెక్టర్ గారు కోటు విప్పిండు. మేం చూసుడు అదే మొదలు.

"ఆవిడకు సంతకం వచ్చా?" అని నన్ను అడిగిండు.

"ఏలిముద్ర సార్."

"అయితే మన ఇంగ్లీషు లెక్చరర్ సింధూజ గారే ఆ పూటకు రుక్కమ్మ. చీర కట్టుకొని కూర్చుంటే చాలు."

దేవరాజు సారు ఎన్నడు గొంతు లేపినోడు కాదు. ఆ దినం లేచి నిలవడ్డడు. "రుక్కమ్మ పేరు రుక్కమ్మదే సార్. ఆ కుర్చీల ఆమెనే కూసుంటది. లేకుంటె మేడంకు నేనే చెప్త."

"మీ ఉద్యోగం పోతుంది."

"పోతె పోనియ్యుండ్రి" అన్నడు. ఆయన చెప్పనే చెప్తడని డైరెక్టర్ గారు సింధూజ గారి ముచ్చట ఇడిచిపెట్టిండు.

మేడం వచ్చిననాడు రుక్కమ్మ సుభాన్ ఆటోల దిగింది. చంకల పల్లిచెట్ల కట్ట. సీదా పోయి డైరెక్టర్ గారి టేబుల్ మీద పెట్టింది. దేవరాజు సారు నడుమ కూసోని ఒకరి మాట ఒకరికి చెప్తుండె.

"మీ పద్ధతి ఏందని అడుగుతుంది రుక్కమ్మా."

"పద్ధతేంది సారూ? తెల్లారంగ లేస్త. సాళ్లల్ల మోకాళ్ల మీద కూసుంట. ఆకు తిప్పి గుడ్లు చూస్త. నూరు చెట్లల్ల ఎన్ని ఆకులకు గుడ్లున్నయో నీకు చెప్త."

"లెక్క తప్పితే?"

"మళ్ల మొదటికెళ్లి పెడ్త. నీ లెక్క తప్పినప్పుడు గూడ నేనే పెడ్త గద సారూ!"

సారు ఆ మాట గూడ దాచకుంట ఇంగ్లీషుల చెప్పిండు. మేడం పకపక నవ్వింది.

అంతట్లనే రుక్కమ్మ డైరెక్టర్ గారి దిక్కు వేలు చూపెట్టింది. "కదలకు సారూ! కట్టల నుంచి పురుగు నీ కోటు మీదికి ఎక్కింది. దాని ఎంటికెలు తాకితె మూడు దినాలు గీక్కుంటవ్." మహానుభావుడు ఊపిరి బిగవట్టి బొమ్మ లెక్క నిలవడ్డడు. రుక్కమ్మ ఆకుతోని పురుగును నిమ్మలంగ తీసి, మేడంకు చూపెట్టి, అది ఆడనో మగనో గూడ ఇప్పుడే చెప్పలేమన్నది.

మేడం శాలువ కప్పింది. తలుపు కాడ సలాం చేసిన ఆటో సుభాన్‌ను, ఈయన గూడ పేపర్లల్ల పేరున్నోడే అని సారు చూపెట్టిండు. ఆమెకు అంతా సమజైంది. పోయేటప్పుడు డైరెక్టర్ గారితోని ఒక్కటే మాటన్నది: "పేర్లన్నీ నిజమే. మా లెక్కే తప్పు."

మరుసటి నెల నుంచి పేర్లను కాదు, పేపర్లను లెక్కవెట్టుడు మొదలైంది. బల్ల మీద నూటనలభై రెండు తుడిచి ముప్పై రాసిండ్రు. ఆ ముప్పైల పద్నాలుగు దేవరాజు సారువే, అందుకని ఆయన నౌకరీని ముట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. మా క్యాంపస్ దవాఖాన డాక్టరమ్మ ఒకనాడు నా దగ్గరికొచ్చింది.

"మీ దగ్గర ఎంతమంది పరిశోధకులండీ? షుగరు మందులకు సుభాన్ గారి అమ్మ కుల్సుమ్‌బీ, మోకాళ్ల నొప్పులకు నర్సింహులు గారి భార్య... అందరి చేతుల్లోనూ హెడ్డాఫీసు పంపిన పరిశోధకుల కార్డులే!"

నేను పోయి రూల్సు పుస్తకం దుమ్ము దులిపిన. నలభై ఒకటో పేజీల ఉంది: పేపరు పంపిన దినం నుంచే, అండ్ల పేరున్నోళ్లకు, వాళ్ల ఇంటోళ్లకు దవాఖానల పైస లేకుంట వైద్యం. ఆ దేశంల రాసి పంపిన రూలు. ఈడ ఎవరూ చదవలే. గని ఆ పేజీల ఎర్ర పెన్సిల్ గీత, పక్కన తారీఖు ఉన్నయి. సారు నౌకరీల చేరిన మూడో దినం అది.

పోయి అడిగిన. సారు దొంగ దొరికినట్టు సిగ్గువడ్డడు. "అందరు పని చేసిండ్రు శివశంకర్. చెయ్యనోళ్ల పేరు ఒక్కటి చూపెట్టు."

"చూపెట్టలేను సార్. గని..."

"గని లేదు ఏం లేదు" అనుకుంట కొత్త పేపరు నా చేతుల పెట్టిండు. "ఇది జల్ది టైప్ చెయ్. నీ భార్య సౌందర్యకు ఇప్పుడు ఎన్నో నెల?"

"ఎనిమిది సార్."

"అయితె ఈ వారమే పంపాలె."

కాగితం తిప్పి చూస్తె పదో పేరు నాదే.

"సార్! నేనేం చేసిన?"

"రెండో పేజీల రుక్కమ్మ లెక్క ఎనభై ఒకటైతె నేను పద్దెనిమిదని రాసిన. దిద్దింది నువ్వే."

"నేనెప్పుడు దిద్దిన సార్?"

"ఇప్పుడు దిద్దుతవ్ గద. కూసో."