మామ నోరయిన డైరీ

మొన్న మా అబ్బాయి అరచేతిలో పట్టేంత పసుపుపచ్చ యంత్రం ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో ఫోను లేదు, ఇంటర్నెట్టు లేదు, రాసుకోవడం ఒక్కటే. మనసు చెదరకుండా ఉంటుందట. మూత తెరిస్తే తెరమీద ఓ బాతు కన్ను గీటుతుంది. "నువ్వు గూడ ఏమన్న రాయమ్మా" అని చేతిలో పెట్టబోతే, వద్దని లేచి వంటింట్లోకి పోయాను.

అలాంటిది మా మేనమామ దగ్గర ఇరవై ఏళ్ల కిందటే ఉండేది. నాందేడ్ బజారులో ఆయనది బట్టల దుకాణం. మరాఠీలో పిలిచి, దక్కనీ ఉర్దూలో నవ్వించి, తెలుగులో చీర అంటగట్టి పంపే మనిషి. నోట్లో జర్దా పాన్ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఆ జర్దానే చివరికి క్యాన్సరై గొంతు పట్టుకుంది. హైదరాబాదులో ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఫోన్ నంబర్ల కోసం కొన్న డిజిటల్ డైరీయే అప్పట్నుంచి ఆయన నోరయింది. తెరవగానే ఓ కుక్కపిల్ల తోకాడిస్తూ తెరకు అడ్డంగా పరుగెత్తేది. అది పోయేదాకా మామ ఏమీ అనడానికి లేదు. తర్వాత మన మాటనే ఒక్కో ఇంగ్లిషు అక్షరం వెతికి నొక్కేవాడు. "పప్పుల ఉప్పు లేదు" అని పూర్తిచేసేసరికి మేం చేతులు కడుక్కునేవాళ్లం. రండి, కూర్చోండి అని మరాఠీలో కొట్టేలోపు గిరాకీలు కూర్చుని చీరలు తిరగేస్తుండేవారు. అత్తది మరాఠీ బడి చదువు, ఇంగ్లిషు అక్షరాలు రావు. అందుకని వాళ్లింట్లో ఉండి కాలేజీకి పోయే నేనే చదివి చెప్పేదాన్ని.

ఏడాది తిరక్కుండా జబ్బు తిరగబెట్టింది. మళ్లీ హైదరాబాదు, మళ్లీ కోయాలన్నారు. ఆ మధ్యాహ్నం మామ ఆస్పత్రి మంచం మీద కూర్చుని చాలాసేపు అక్షరాలు నొక్కాడు. తెర నా వైపు తిప్పి, అత్తకు చూపించమని తలుపు వైపు చెయ్యి చూపాడు. "వద్దు. ఇంటికి తోల్కపో. మన ఇంట్లనే సస్త."

అత్త వరండాలో సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకుని నిలబడి ఉంది. "ఏమంటుండు బిడ్డా మీ మామ?" అంది. నాకు మామ బతకాలి, అంతకుమించి ఏమీ తోచలేదు. ఆ తెరనే ఆమెకు చూపిస్తూ "సరే అంటుండు అత్తా, చేపిచ్చుకుంటడట" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని మరాఠీలో సంతకం చేసింది.

స్ట్రెచర్ వచ్చాక గానీ మామకు అర్థం కాలేదు. తల అడ్డంగా ఊపుతుంటే భయపడుతున్నాడనుకుని అందరూ ధైర్యం చెప్పారు. డైరీ ఇమ్మని నా వైపు చెయ్యి చాపాడు. "తర్వాత ఇస్త మామా" అని దాన్ని సంచిలో వేసుకున్నాను. ఆపరేషన్ గదిలోంచి ఆయన ప్రాణంతో బయటికి రాలేదు.

మంచికే అనుకున్నాను, కానీ ఆయనకున్న ఆ కాస్త నోరూ మూసింది నేనే. బ్యాటరీ అయిపోయి డైరీలోవన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి. నాందేడ్ పోయిన ప్రతిసారీ అత్త నా చెయ్యి పట్టుకుని అడుగుతుంది, "ఆయన సరే అన్నంకనే సంతకం పెట్టిన గద బిడ్డా?" అని. "అవునత్తా" అంటాను. ఏళ్లు గడిస్తే అబద్ధం పాతబడుతుందనుకున్నాను. ఆమె అడిగినప్పుడల్లా మళ్లీ కొత్తగానే ఆడాల్సి వస్తోంది.