తొమ్మిదో పేరు

మెక్సికో వెళ్ళడానికి మా రియాద్ స్కూల్లో ఎనిమిది మంది టీచర్లను ఎంపిక చేశారు. నాది అయిదో పేరు. ఎవరైనా తప్పుకుంటే పంపడానికి తొమ్మిదో పేరు ఒకటి రాసిపెట్టుకున్నారు. అది కడప నుంచి వచ్చిన సైన్స్ టీచరుది. చదువుతుంటే నా గోడులాగే ఉంటుంది గానీ, ఇది ఆవిడ గురించే రాస్తున్నాను.

ఏడాదికొక దేశాన్ని పట్టుకుని అన్ని తరగతులకూ దాని గురించి చెప్పడం ఆ ఏడే మొదలుపెట్టారు. పుస్తకం చూసి అప్పజెప్తే పిల్లలు నిద్రపోతారు, ముందు టీచర్లే వెళ్ళి పది రోజులు అక్కడి వాళ్ళ ఇళ్ళల్లో ఉండి నేర్చుకుని రావాలి అన్నది మా ప్రిన్సిపాల్ పట్టుదల. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే గురువారం గురువారం స్కూలు వదిలాక లైబ్రరీలో మాకు క్లాసులు పెట్టారు. మొక్కజొన్న పిండితో రొట్టెలు వత్తాం. నాలుగు స్పానిష్ ముక్కలు బట్టీ పట్టాం. పోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికి వస్తారని, ఫొటోల ముందు వాళ్ళకిష్టమైనవి వండి పెడతారని, వాళ్ళు దారి తప్పకుండా గుమ్మం నుంచి బంతిపూల రేకులు చల్లుతారని చెప్పినప్పుడు, "ఇది మా పెత్రమాసనే గదా!" అని గట్టిగా అనేశాను. మా కరీంనగర్ వైపు పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య అది. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలవుతుంది కాబట్టి బంతిపూలు మాత్రం అటు పోతాయి.

కడప టీచరు రావాలని ఎవరూ అడగలేదు. అయినా ఒక్క గురువారం మానలేదు. పలచటి రంగు కాగితాలు మడిచి కత్తిరించి తోరణాలు చేయడం మాకెవరికీ చేతకాలేదు. నావైతే ఎలుకలు కొరికినట్టు ఉండేవి. ఆవిడ ఇంట్లో పిల్లల గాలిపటం కాగితాల మీద చేయి తిప్పుకుని వచ్చి మాకే నేర్పింది. సౌదీకి వచ్చి పదకొండేళ్ళయినా ఉమ్రాకు మక్కా, సెలవులకు కడప తప్ప ఏమీ చూడలేదట. "తొమ్మిదో పేరంటే బస్సులో నిలబడి పోయినట్లక్కా. యాడో ఒక చోట ఎవురో ఒకరు దిగకపోతారా?" అని నవ్వేది.

మా ఎనిమిది మంది పాస్‌పోర్టులూ మెక్సికో వీసాకు వెళ్ళాయి, అందరికీ వీసా పడింది. నాకూ పడింది. సరిగ్గా రెండు వారాలకు మా ఆయన కంపెనీ ఎరుపులోకి వెళ్ళింది.

ఎరుపంటే ఏంటో ఆ రోజుల్లో రియాద్‌లో పసిపిల్లలను అడిగినా చెప్పేవారు. తగినంత మంది సౌదీలను పనిలో పెట్టుకోని కంపెనీకి నితాకాత్ అనే సర్కారు లెక్క ప్రకారం ఆ రంగు పడుతుంది. పడితే అందులో పనిచేసేవాళ్ళ ఇకామాలు, అంటే దేశంలో ఉండటానికిచ్చే కార్డులు, రెన్యూ కావు. మా ఆయన ఇకామా ఆ నెలలోనే ముగిసింది. ఆయన వెనకాల వచ్చినదాన్ని కాబట్టి నాదీ ముగిసింది. ఇకామా లేనిదే బయటికి పోయి తిరిగొచ్చే అనుమతి, ఎగ్జిట్ రీ-ఎంట్రీ, ఇవ్వరు, అది లేనిదే ఎయిర్‌పోర్టు దాటలేం. లోపలికి రమ్మనే దేశం దొరికింది గానీ బయటికి పోనిచ్చే దేశం లేదు.

ఆయన రోజూ సులైలోని ఆఫీసుకు వెళ్ళి ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, అడిగేవాడు. ముదీర్ రోజూ "బుక్రా" అనేవాడు. రేపు, ఎల్లప్పుడూ రేపు. శుక్రవారాలు అల్ ఖర్జ్ పాల ఫారాల వైపు కారేసుకుని వెళ్ళడం మా అలవాటు. దారిలో చెక్‌పోస్టు ఉందని అదీ మానేశాం. ఇల్లు, స్కూలు బస్సు, స్కూలు, మళ్ళీ ఇల్లు. అంత పెద్ద ఎడారిలో నాకు ఊపిరాడేది కాదు. ఒకసారి కూరగాయలు తరుగుతూ కత్తి విసిరికొట్టాను. మా ఆయన తీసి కడిగి పెట్టాడు.

"ఎవ్వరికి చెప్పకు. పనైనంక చెప్దాం," అన్నాడాయన.

మా ఇళ్ళల్లో ఇదేం కొత్త కాదు. సంబంధం కుదిరేదాకా, కడుపు నిలిచేదాకా, ఇంటికి స్లాబు పడేదాకా ఎవరూ నోరు మెదపరు. ముందే చెప్తే దిష్టి తగులుతుందంటారు. దానికి తోడు నాకు సిగ్గు. "వాళ్ళది ఎరుపట" అని స్టాఫ్‌రూమ్‌లో ఇంకొకరి గురించి గుసగుసలాడిన నోళ్ళలో నాదీ ఒకటి.

ఆ వారమే, గురువారం క్లాసులో, ప్రయాణం ఏర్పాట్లు చూసే మేడమ్ అందరినీ అడిగింది. "ఎవరికైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పండి. పేరు మార్చడానికి ఈ వారమే గడువు. ఆ తర్వాత కొత్తవాళ్ళకు వీసా తేలేం." కడప టీచరు నా పక్క కుర్చీలోనే కూర్చుని కాగితం కత్తిరిస్తోంది. కత్తెర ఆపి తలెత్తి అందరి ముఖాలూ చూసింది. నేను తల వంచుకుని నా నోట్‌బుక్‌లో మెక్సికో వాళ్ళ రొట్టె పేరు మళ్ళీ మళ్ళీ రాశాను. ఇంకా నెలన్నర ఉంది, ఈలోపు రంగు మారదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

మారలేదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు అందరూ ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితాలు తెచ్చారు. నేను ఉత్త చేతులతో వచ్చి, "నిన్ననే ఆగిపోయింది మేడమ్," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది. అందరికన్నా ముందు లేచి వచ్చి నన్ను పట్టుకున్నది కడప టీచరే. "పాపం అక్కా, ఎంత ఆశ పెట్టుకుంటివో," అని కళ్ళు తుడుచుకుంది. మర్నాడు నాకోసం బిర్యానీ వండి తెచ్చింది. నేను తిన్నాను.

ఏడుగురే వెళ్ళారు. ఆ పది రోజులూ వాళ్ళ క్లాసులు మేం ఇద్దరం పంచుకున్నాం. ఫోన్‌కు ఫొటోలు వస్తుంటే ఆవిడ పిల్లలకు పెద్ద తెర మీద చూపించి, ఏ ఇంట్లో ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో చూసొచ్చినదానిలా చెప్పేది. నేను వెనక బెంచీలో కూర్చుని వినేదాన్ని.

నెల తిరిగేసరికి మా కంపెనీ పచ్చరంగులోకి వచ్చింది, మా ఇకామాలూ వచ్చాయి. ఆ ఏడే కుటుంబంలో తలకింత అని విదేశీయుల మీద కొత్త లెవీ పన్ను వేశారు. అది ఏటేటా పెరుగుతుందన్నారు. కడప టీచరుకు నలుగురు పిల్లలు. వాళ్ళాయన ఒక్కడే ఉండి, ఈమెనూ పిల్లలనూ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా, ఇండియాకు పంపేయాలని తేల్చుకున్నాడు. పరీక్షలు కాగానే ప్రయాణం.

ఆఖరి రోజు స్టాఫ్‌రూమ్‌లో తన సొరుగు ఖాళీ చేసుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. ఏడుపొచ్చేసింది.

"ఏంటికి ఏడుస్తావక్కా? ఇండియానే గదా, రావచ్చు పోవచ్చు."

"గది గాదు. నా ఇకామా ఆగిపోయిందని నాకు ముందే తెలుసు. పేరు మార్చే గడువున్నప్పుడే తెలుసు. నేను చెప్పలే."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా తలూపింది.

"నేనైనా అట్లనే దాచిపెట్టింటానక్కా. ఇట్లాంటివి ఎవురు చెప్పుకుంటారు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పడం మంచిదైందనుకున్నాను. ఆవిడ సొరుగులోని సుద్దపొడి దులిపి, గుడ్డతో మూలమూలా తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది.

"కానీ నేను పోయింటా గదక్కా."