ఖమర్‌బీ కన్ను

ఖమర్‌బీ చెయ్యి పట్టుకోకుండానే గాజు సైజు చెప్తుంది. జమ్మలమడుగు బజారులో ఆమె తోపుడుబండి ముందు నిలబడితే చాలు, ముంజేతి వైపు ఒక్క చూపు చూసి "రెండూ ఆరు" అనేస్తుంది. నేను టీచరు ఉద్యోగంలో చేరిన రోజు, "కాదు, నాది రెండూ నాలుగే" అని పంతం పట్టి రెండు గాజులు విరగ్గొట్టుకున్నాను. చివరికి రెండూ ఆరే పట్టాయి. విరిగినవాటికి కూడా డబ్బులు తీసుకుంది, మొహమాటం లేని మనిషి.

భర్తతో కలిసి నడిపిన ఆ బండే, అతను పోయిన పదహారేళ్ళుగా ఆమె సంసారం. నాకు ఒళ్ళు మండేది ఒక్కదానికే. బండికి అంటించిన స్కాన్ స్టిక్కరు ఆమె మరిది ముబారక్‌ది. "నీకెందుకు భాభీ తలనొప్పి? నా అకౌంట్లో పడనీ, సాయంత్రానికి ఇచ్చేస్తా" అని రెండేళ్ళ కిందట తనే అంటించాడు. కొన్నాళ్ళు ఇచ్చాడు. తర్వాత రేపన్నాడు, ఎల్లుండన్నాడు. పోయిన ఏడు ప్రొద్దుటూరు దసరాలో ఆమె కాళ్ళు వాచేలా నిలబడి అమ్మిన సొమ్మంతా అతని ఆటో కంతులకు పోయింది. అడిగితే "ఇంట్లోనే ఉంది కదా భాభీ" అని నవ్వాడట.

ఈ ఏడు దసరాకు పన్నెండు రోజులుందనగా మా ఇంటికి వచ్చింది.

"జాస్మినూ, ఈసారి నా పేరుతోనే స్టిక్కర్ కావల్ల. లేకుంటే ప్రొద్దుటూరికే పోను. చేతిలో దుడ్లు పెట్టుకోని వచ్చేటోళ్ళు యాడుండారు ఇప్పుడు?"

ఇద్దరం బ్యాంకుకు పోయాం. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపించుకుని వస్తే మిగతాది తాము చూసుకుంటామన్నారు. సరేనని ఆధార్ సెంటరుకు పోయాం. అక్కడ ఆర్షియా అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, వేలిముద్ర మిషను మీద వేలు పెట్టమంది. ఖమర్‌బీ పెట్టింది. పడలేదు. పది వేళ్ళూ పెట్టింది. ఒక్కటీ పడలేదు. ముప్పై ఏళ్ళుగా గాజు పెంకులు ఏరిన వేళ్ళవి, సబ్బునీళ్ళలో నాని ఊరందరి చేతులకూ గాజులెక్కించిన వేళ్ళు. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

ఎవరో చెప్పారని నిమ్మకాయ రుద్దుకుంది. కొబ్బరినూనె రాసుకుంది. రెండు రోజులు బండి మూసేసి గాజు ముట్టుకోలేదు. మళ్ళీ పోయాం, పడలేదు. మూడోసారి పోయేసరికి దసరాకు ఐదే రోజులు. అప్పుడూ పడలేదు. "ముసిలామెను లేపండప్పా, మాకు పనుల్లేవా?" అని వెనక ఒకాయన గొణిగాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

ఖమర్‌బీ లేవలేదు. ఆర్షియా చేతుల వైపే చూస్తోంది.

"పాపా, ఆ గాజులు ఎవురు తొడిగినారు నీకు? నీది రెండూ ఎనిమిది చెయ్యి. రెండూ ఆరు ఎక్కిచ్చినారు."

ఆర్షియా ఆశ్చర్యపోయింది. "నిజమే పెద్దమ్మా, నిన్న తీయలేక ఏడ్చినా. ముట్టుకోకుండానే ఎట్ల చెప్పినావు?"

"వేళ్ళు అరిగినాయి గానీ నా కన్ను అరగలేదు పాపా."

ఆ మాటకు ఆర్షియా చటుక్కున లేచింది. బీరువా తెరిచి, దుమ్ము పట్టిన నల్లటి మిషనొకటి తెచ్చింది. "వేలికి బదులు కన్ను చూసేది ఇది. వాడక శానా దినాలైంది, నాకు గుర్తే రాలేదు. రెప్ప కొట్టకుండా దీంట్లోకి చూడు పెద్దమ్మా."

"చూసేదేనా? నేను రోజూ చేస్తాండే పని అదే కదా!"

చేతులను చూసినట్టే దాన్నీ చూసింది. కంప్యూటరు మీద పచ్చటి టిక్కు పడింది. నేను కేక పెట్టాను. గొణిగిన పెద్దమనిషి కూడా చప్పట్లు కొట్టాడు. ఖమర్‌బీ మాత్రం సబ్బు అడిగి తెప్పించుకుని, ఆర్షియా చేతి గాజులు ఒక్కటీ విరగకుండా తీసిచ్చి గానీ కదల్లేదు.

దసరా మొదటి సాయంత్రం ప్రొద్దుటూరులో ఆమె బండి చుట్టూ జనం. బ్యాంకు ఇచ్చిన కొత్త స్టిక్కరు, పక్కన డబ్బు పడిందని చెప్పే చిన్న డబ్బా. ముబారక్ తన భార్య షంషాద్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె రెండు డజన్లు ఏరుకుంది.

"స్కాన్ చెయ్ ముబారకూ," అంది ఖమర్‌బీ.

"నా దుడ్లు నాకే పంపాల్నా భాభీ?" అని నవ్వుతూనే స్టిక్కరుకు ఎదురుగా ఫోన్ పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

"ఏంది, ఎవురి పేరు వచ్చింది?" అంది షంషాద్. "గట్టిగా చదువు."

"షేక్ ఖమర్‌బీ," అన్నాడు నెమ్మదిగా. చుట్టూ జనం చూస్తున్నారు. పిన్ నంబరు నొక్కక తప్పలేదు. 'రెండు వందల నలభై రూపాయలు అందాయి' అని డబ్బా వీధంతా వినబడేలా అరిచింది.

ఖమర్‌బీ అతని వైపు చూడనే లేదు. ఆమె కన్ను అప్పటికే షంషాద్ రెండో చేతి మీద ఉంది.

"రెండూ నాలుగు. ఇంగో డజను తీసుకో షంషాద్, కట్టేది వాడే."