మస్తాన్ గారి గొంతుతో శత్రువు మాట

2025 మే నెల. సరిహద్దులో యుద్ధం నడుస్తున్న రోజులు. సత్తెనపల్లిలో నాకు చిన్న రికార్డింగ్ గది ఉంది. పాటలూ గీటలూ ఏమీ ఉండవు. ఊళ్లలో తిరిగే మైకు ఆటోలకు కావలసిన మాటలు తయారుచేస్తాం. విత్తనాలు, పురుగుమందులు, కొత్తగా తెరిచిన బట్టల కొట్టు, అప్పుడప్పుడూ తప్పిపోయిన గేదె. ఇలా గొంతు ఇచ్చే పనిని వాయిస్ ఓవర్ అంటారు. మా దగ్గర ఆ పని చేసేది మస్తాన్ వలీ గారు. నేను బాబాయ్ అని పిలుస్తాను.

ఆయన గొంతు ఎరగని మిర్చి రైతు మా చుట్టుపక్కల లేడు. ఆయనకో పట్టుదల ఉంది. ఏ విత్తనం గురించి చెప్పాలన్నా ముందు అది వేసిన చేను ఒక్కటైనా కళ్లారా చూసి రావాలి. చూడకుండా చెప్పమంటే, "నా మాట నమ్మి నేలలో పోస్తారమ్మాయ్" అని లేచి వెళ్లిపోతారు. కంపెనీలవాళ్లు విసుక్కుంటారు. రైతులకు మాత్రం ఈ సంగతి తెలుసు. అందుకే మస్తాన్ చెప్పాడంటే వాళ్లకు గురి.

ఒక ఉదయం ఆయన వస్తూనే ఫోను నా చేతిలో పెట్టారు.

"ఇది నేనెప్పుడు చెప్పానమ్మాయ్?"

వీడియోలో కల్లంలో ఆరబోసిన మిర్చి, దానిమీద ఆయన గొంతు. రైతన్నా, నీ మిర్చికి రేటు లేదు, కోల్డ్ స్టోరేజీలో చోటు లేదు, నీ గోడు ఎవరికీ పట్టలేదు. ఇంతవరకూ అబద్ధమేమీ లేదు. ఆ ఏడు మా రైతులు నిండా మునిగారు. అసలు విషం ఆ తర్వాత ఉంది. నీ గోడు కప్పిపెట్టడానికే ఈ యుద్ధమట. పక్క దేశం పాపం శాంతి కోరుతోందట. మన జవాన్లు పోస్టులు వదిలి లొంగిపోతున్నారట.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ విన్నాను. గొంతు ఆయనదే, కానీ అంత పొడుగు మాటల్లో ఎక్కడా ఊపిరి తీసుకున్న చప్పుడు లేదు. మైకు ముందు మాట్లాడిన మనిషి ఊపిరి ఎంతో కొంత పడకుండా ఉండదు. ఇది క్లోనింగ్. అంటే ఒకరి పాత రికార్డింగులు కంప్యూటరుకు వినిపించి, ఆ గొంతుతో కావలసింది పలికించడం. మేం నెట్‌లో పెట్టుకున్న విత్తనాల ప్రకటనల్లోంచే ఎత్తేశారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. ఆ వీడియో మొదట పెట్టిన ఖాతా విదేశం నుంచి నడుస్తోందని వాళ్లు చూసి చెప్పారు.

నాకు ఒళ్లు మండింది అందుకు కాదు. శత్రువు శత్రువు పనే చేస్తాడు. మనవాళ్లు చేసిందానికి మండింది.

బజార్లో రైతులు మస్తాన్ గారిని ఆపి చేతులు పట్టుకున్నారు. "భలే చెప్పావయ్యా మస్తానూ! దమ్మున్న మాట."

"నేను చెప్పలేదయ్యా. దొంగ గొంతది."

వాళ్లు కన్నుగీటుకున్నారు. "పోలీసులు బెదిరించారా? మాకు తెలుసులే."

ఆయన కాదన్నకొద్దీ వాళ్ల నమ్మకం గట్టిపడింది. టీ కొట్టు దగ్గర ఇంకో జట్టు. నిన్నటిదాకా ఆయన్ని వరస పెట్టి పిలిచినవాళ్లే, "ఎంతైనా వాళ్ల మనిషేగా" అన్నారు, ఆయనకు వినపడేటట్టు. పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ చేసిన పని మాత్రం ఒక్కటే. ఇద్దరూ ఆ వీడియోను ఇంకో నలుగురికి పంపారు. సిగ్గుండక్కర్లేదూ? చేను చూడనిదే నోరు విప్పని మనిషని తెలిసి కూడా, సరిహద్దు సంగతి చూసొచ్చి చెప్పాడనుకున్నారా?

"బాబాయ్, ఆటో ఎక్కుదాం. రికార్డు వద్దు, మీరే ఎదురుగా నిలబడి మాట్లాడండి" అన్నాను.

"ఇంక నా గొంతు ఎవరు నమ్ముతారమ్మాయ్? మానేస్తాను."

ఆ మాటకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. దబాయించి ఎక్కించాను.

మొదటి ఊళ్లో పాలకేంద్రం దగ్గర ఆగాం. ఆయన మాట్లాడుతుంటే సగంమంది నవ్వారు. ఆ ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టింది కోటేశ్వరరావు గారు. మిర్చి రైతు, కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఆయనే ముందుకొచ్చారు.

"నువ్వు చెప్పావో లేదో నాకనవసరం మస్తానూ. అందులో నా మిర్చి సంగతి నిజమా, కాదా?"

"నిజమే కోటయ్యా."

"మరింకేంటి?"

నేను కల్పించుకున్నాను. "చివరిదాకా విన్నారా అండీ?"

"అంతసేపు ఎవరు వింటారమ్మా? మిర్చి మాట రాగానే పంపించేశా."

పాల క్యాన్ల పక్కన నిలబడ్డ ఒకమ్మాయి, చంకలో బిడ్డతో, ఆయనవైపు తిరిగింది. ఆయన కోడలే.

"నేను విన్నాను మావయ్యా, చివరిదాకా. పంపింది మీరు కదా, మీ అబ్బాయి సంగతి మీకేదో తెలిసి, నాతో చెప్పలేక అలా పంపారనుకున్నా. ఆయన ఫోను కలవడం లేదు. మిమ్మల్ని అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు."

మస్తాన్ గారు మైకు దించి, "అమ్మా, నేను సరిహద్దు చూడలేదు. చూడనిది చెప్పను. ఆ మాట నాది కాదు" అన్నారు. ఆ అమ్మాయి తలూపింది. ఆ రోజు ఆయన్ని నమ్మిన మొదటి మనిషి ఆమే.

మా వైపు మిర్చి బస్తాల్లో ఒక మోసం ఉంది. పైన నిగనిగలాడే కాయ పోసి, అడుగున తాలు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయ నింపుతారు. అందుకే మార్కెట్ యార్డులో కొనేవాడు అడుగుదాకా చెయ్యి పెట్టి తీసి చూస్తాడు. అది రోజూ చూసే రైతులే ఈ వీడియో బస్తాను మాత్రం పైపైన చూసి భుజానికెత్తుకున్నారు.

కోటేశ్వరరావు గారు ఆటో దగ్గరకొచ్చి చెయ్యి చాపారు. "ఆ మైకిటివ్వు."

నేను రికార్డింగ్ నొక్కాను.

"నేను కోటేశ్వరరావుని. నా మిర్చికి రేటు లేదు. ఆ సంగతి మన ఎమ్మెల్యేని, మన మంత్రిని నేనే అడుగుతా, నిలేసి అడుగుతా. నా కొడుకు మీదికి తుపాకి ఎత్తినోడికి నా తరఫున మాట్లాడమని నేను వకాల్తా ఇవ్వలేదు. ఆ మాట మస్తాన్‌ది కాదు. దాన్ని ఊరంతా పంచింది మాత్రం నేనే."

మిగతా ఊళ్లలో అదే వినిపించాం. కాల్పులు ఆగాక కోటేశ్వరరావు గారి కొడుకు ఇంటికి ఫోను చేశాడు. మస్తాన్ గారు మళ్లీ చేలు చూడ్డానికి వెళుతున్నారు. టీ కొట్టు జట్టులో మాత్రం ఒక్కడూ ఆయనకు క్షమాపణ చెప్పలేదు, ఇప్పటికీ.

శత్రువు మనచేత వాడి జెండా మోయించనక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది. మన పెద్దలు పట్టించుకోకుండా వదిలేసిన గోడు ఒకటి వెతుక్కుని దాని పక్కన నిలబడితే చాలు, మిగతా మోత మనమే మోస్తాం. ఆ గోడును గాలికొదిలేసిన వాళ్లమీద కూడా నా కోపం తగ్గలేదు.

కోటేశ్వరరావు గారి రికార్డింగ్ నా దగ్గర ఇంకా ఉంది. వకాల్తా ఇవ్వలేదు అనేముందు ఆయన ఊపిరి గట్టిగా పీల్చుకున్న చప్పుడు అందులో పడింది. మామూలుగా అంత గట్టిగా పడ్డవి ఎడిటింగ్‌లో తీసేస్తాం. అది మాత్రం నేను తియ్యలేదు.